రంగూనోళ్ళ మగ్గం

నిన్న పొద్దున మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి ఒక కాగితం పట్టుకొని వచ్చాడు. మర్యాదస్తుడే పాపం. రెండో అంతస్తులో అద్దెకున్న ఇద్దరు నర్సు పిల్లల మీద ఫిర్యాదు అది. ఈశాన్యం వైపు కొండల నుంచి వచ్చిన పిల్లలు. వాళ్ళ ఊర్లో గొడవలై ఇళ్ళు తగలబడిపోతే, ఎవరో చర్చి వాళ్ళు చేరదీసి ఇక్కడ కడపలో ఆసుపత్రి పనికి కుదిర్చారట. వాళ్ళు వండుకునే ఎండుచేపల వాసనకు మెట్లెక్కలేకపోతున్నామని, ఇల్లు ఖాళీ చేయించాలని అందులో రాసి ఉంది. కింద పద్నాలుగు సంతకాలు.

"మీదొకటి పడితే ఓనరు కాదనలేడమ్మా. పెద్దోళ్ళు గదా మీరు," అన్నాడు.

"పెట్టిపో, చూస్తా," అన్నాను. సాయంత్రం వస్తానని వెళ్ళాడు.

నాకు డెబ్భై దాటాయి. మోకాళ్ళు పని చేయవు గానీ ముక్కుకేం ఢోకా లేదు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి కింద నుంచి ఆ వాసన రానే వచ్చింది. పులిసిన చేప, మిరపకాయ, కాస్త పొగ. నేను కొత్తగా పీల్చిన వాసన కాదది. చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా పీల్చాను. ఆ ఎండాకాలం నేను చేసిన పనికి ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

మాది నేత పేట. ఒకే వీధి, రెండు వైపులా ఇళ్ళు, ప్రతి ఇంటి ముందుగదిలో ఒక గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి అందులో కాళ్ళు దించి కూర్చుంటారు. తెల్లవారకముందే చప్పుడు మొదలయ్యేది. ఆ చప్పుడు విని, కళ్ళు మూసుకొని, ఇది ఫలానా ఇల్లని చెప్పేసేవాళ్ళం. మా జేజినాయన, అంటే మా తాత, దెబ్బ బరువుగా పడేది, రెండు దెబ్బలకొకసారి కొంచెం ఆగేవాడు. పక్కింటి చిన్నాయనది అంతా పరుగే. పొద్దెక్కినా ఏ ఇంట్లోనైనా మగ్గం పలకకపోతే, జ్వరమో, చావో అని జనం వాకిట్లోకి వచ్చేసేవాళ్ళు. "ఏమప్పా, మీ మగ్గం పలకలే?" అనేదే మా వీధిలో పలకరింపు.

జేజినాయన నేతగాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. మా జేజి, అంటే మా అవ్వ, జేజినాయనకు అధ్యక్షురాలు. వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు, ఆయనకు తప్ప.

ఒకరోజు సర్కారు నుంచి సంఘానికి ఉత్తరం వచ్చింది. బర్మాలో మనవాళ్ళ ఇళ్ళూ అంగళ్ళూ లాక్కొని ఓడలెక్కించి పంపేస్తున్నారు, ఆ కాందిశీకుల్లో నేత కుటుంబం ఒకటి ఉంది, తాతల నాడు కడప సీమ నుంచి పోయినవాళ్ళు, మీ సంఘం చేర్చుకుంటుందా అని. జేజినాయన ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకొని, "మన నూలు పట్టిన చెయ్యి. వద్దని యాడికి పంపుతాం?" అన్నాడు. వీధి చివర ఒక ఇల్లు పాడుబడి ఉండేది. సంఘం వాళ్ళంతా చేరి కప్పు సరిచేశారు, సున్నం కొట్టారు, గుంట తవ్వి మగ్గం దింపారు. షరతు ఒకటే. నెల తిరిగేలోగా ఆఫీసరు వస్తాడు. మగ్గం మీద మొదటి చీర దిగి ఉంటే ఇల్లూ మగ్గం సభ్యత్వం వాళ్ళవి. లేదంటే మళ్ళీ శిబిరానికి, డేరాల్లోకి.

వాళ్ళు బస్సు దిగిన రోజు వీధి వీధంతా చూడటానికి పోయింది. ఒక మొగాయన, ఆయన భార్య, నా ఈడు ఆడపిల్ల, చంకలో ఒక పిల్లోడు. సామానంటే ఒక రేకు పెట్టె, గుడ్డ చుట్టిన ఒక జాడీ. ఆమె బుగ్గలకు పచ్చటి చెక్క గంధం పూసుకొని ఉంది. మేం పిల్లలం నోళ్ళు తెరుచుకొని చూశాం. జేజి సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఆ పిల్ల సంగటి నమలడానికి చూస్తుంటే మేం ఒకరినొకరం గిల్లుకొని నవ్వాం. సంగటి మింగాలని దానికెవరు చెప్పారు?

"తిను తల్లీ. ఇంగ నీ ఊరే ఇది," అంది జేజి.

ఆ రోజు నుంచి వాళ్ళ పేరు రంగూనోళ్ళు. ఆయన రంగూనాయన, ఆమె రంగూనమ్మ, నా ఈడుది రంగూన్ పిల్ల.

మా పేటలో ఒక పద్ధతి ఉండేది. మగ్గాన్ని ఎప్పుడూ బోసిగా ఉంచరు. చీర కోసినాక పాత పోగుల కొసలు దువ్వెన లాంటి అచ్చులోనే వదిలేసి, కొత్త పడుగు నిలువు పోగులను వాటికి ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. కొత్తగా మగ్గం దింపిన ఇంటికి అట్లాంటి కొసలుండవు గదా, అందుకని ఎవరో ఒకరు తమ అచ్చును కొసలతో సహా ఇవ్వాలి. జేజినాయన మాది ఒకటి ఇచ్చాడు. నలుగురు మగవాళ్ళు కూర్చొని పోగులు అతకడం మొదలుపెట్టారు. వేలకు వేల పోగులు, రెండు దినాల పని. రంగూనాయన వాళ్ళ పక్కన కూర్చొని, కాసేపు చూసి, తానూ చెయ్యి పెట్టాడు. ఆయన వేళ్ళు ఎట్లా ఆడాయో చెప్పలేను. ఆ నలుగురూ కలిసి అతికినంత ఆయనొక్కడే అతికాడు.

"చూస్తిరా? రక్తంలో ఉండాది," అన్నాడు జేజినాయన. రంగూనాయన తల వంచుకున్నాడు. సిగ్గనుకున్నాం.

మరుసటి రోజు ఆ ఇంటి మగ్గం పలకలేదు. ఆ మరుసటి రోజూ లేదు. "సముద్రం దాటొచ్చిన మనుషులు, అలసట తీరద్దా," అన్నాడు జేజినాయన. మూడో రోజు ఆ ఇంట్లోంచి మగ్గం చప్పుడు బదులు వాసన వచ్చింది.

జాడీ విప్పారు. మా వీధిలో మాంసం ముట్టని ఇళ్ళేం లేవు. ఆదివారమైతే కోళ్ళు తెగేవి. అయినా సముద్రపు చేపను పులియబెట్టి ముద్ద చేసింది మేమెక్కడ చూశాం? ఎండకు మాడి ఉన్న వీధిలో ఆ వాసన పందిళ్ళ కింద ఆగిపోయింది. వాళ్ళ పక్కింటామె గంజి కుండ లోపల పెట్టుకుంది. "నా నూలుకంతా అంటుకుంటాది," అంది. పది రోజుల ముందు ఆ ఇంటికి సున్నం కొట్టినామె ఆమే.

నాకు వాసన సంగతి చూడాలని ఒకటే దురద. మధ్యాహ్నం వీధంతా పడుకున్నాక పోయి కిటికీ సందులోంచి తొంగి చూశాను. రంగూనాయన గుంటలో కూర్చొని ఉన్నాడు. అడ్డపోగు మోసే నాడె చేతిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. కాలితో తొక్కుడు చెక్క ఒకటి నొక్కాడు, పోగులు లేచాయి, నాడె తోశాడు. అది సగం దూరం పోయి పోగుల్లోంచి కింద పడింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ పడింది. నా నవ్వు ఆగలేదు.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. పెద్దాయన, మీసాలున్న మనిషి, నా ముందర చేతులు జోడించాడు.

"తల్లీ, మీ జేజినాయనతో చెప్పబాకు. నాకు నేత రాదు. మా తాతకొచ్చును. నేను గోనెసంచుల మిల్లులో తెగిన పురి అతికేవాణ్ణి. ఓడ దిగితానే కులమేందని అడిగినారు, చెప్పితి. నేత అని వాళ్ళే రాసుకొనిరి. కాదంటే యాడికి పంపుతారో ఏమోనని నేను గమ్మునుంటి."

వెనక నుంచి రంగూనమ్మ మెల్లగా అంది, "శిబిరంలో మా చిన్నపాప పోయింది, విరేచనాలై. మళ్ళీ ఆడికి పోతే ఈ పిల్లోడు నాకు దక్కడు."

ఎవరికీ చెప్పనని ఒట్టేసి, నేరుగా ఇంటికొచ్చి జేజికి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు. జేజి చాలాసేపు వక్క నమిలింది. తర్వాత, "ఈ మాట ఇంగో చెవిలో పడిందా, నీ నాలికకు వాత పెడతా," అంది.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నాలు జేజి ఆ ఇంటికి పోయేది. వాసన సంగతి మాట్లాడి వస్తానని జేజినాయనతో చెప్పింది. మా పేటలో ఆడవాళ్ళు కండెలకు నూలు చుడతారు, గంజి పెడతారు, గుంటలోకి మాత్రం దిగరు. కానీ జేజికి నేత వచ్చు. ఎట్లా వచ్చో ఎవరూ మాట్లాడేవాళ్ళు కారు. ఆమె చీర ఎగ్గట్టి గుంటలో కూర్చొని నేసి చూపించేది, తర్వాత ఆయన్ను కూర్చోబెట్టేది. నా పని వాకిట్లో రంగూన్ పిల్లతో అచ్చనగాయలు ఆడుతూ వీధిలోకి ఎవరొస్తున్నారో చూడటం.

మగ్గం పలికింది. వీధి సంతోషపడింది. ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి జేజినాయన మంచం మీద కళ్ళు మూసుకొని వింటున్నాడు.

"ఈ దెబ్బ యాడనో విన్నట్టుండాదే," అన్నాడు.

"రంగూనాయనది," అన్నాను.

"ఊఁ," అని అటు తిరిగి పడుకున్నాడు.

పది దినాలకు రంగూనాయన నాడె కింద పడకుండా తోయగలిగాడు. అంతే. గుడ్డ మాత్రం ఒకచోట వదులు, ఒకచోట బిగువు. జానెడు నేస్తే మూరెడు విప్పాలి. ఇంకో పదిహేను దినాల్లో చీర దిగాలి. జేజి ఒళ్ళంతా నొప్పులతో రాత్రి మూలుగుతుంటే, ఊరుబిండి ఎక్కువ తిన్నానని జేజినాయనకు చెప్పేది.

అప్పుడే నేను ఆ పని చేశాను.

బావి దగ్గర నీళ్ళ కోసం పిల్లలం వరసలో ఉన్నాం. రంగూన్ పిల్ల తన గౌను మడతలోంచి ఆకుపచ్చటి ముద్ద తీసి నా అరచేతిలో పెట్టింది. వాళ్ళ దేశపు ఊరబెట్టిన టీ ఆకు. రేకు పెట్టె అడుగున దాచుకొని దాచుకొని తింటున్నదట. నన్ను స్నేహితురాలనుకొని తెచ్చింది. నేను నోట్లో వేసుకొని, వగరుకు తట్టుకోలేక, అందరి ముందూ తూ అని ఊసేశాను. పిల్లలు ఘొల్లున నవ్వారు. నేను ఊరుకున్నానా? నవ్వించే కొద్దీ నాకు హుషారు. "ఎద్దు పేడ తింటార్రా వీళ్ళు," అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు. నేల మీద పడిన ఆకు ఏరుకుంటూ, "మీ సంగటి మాత్రం? బురద ముద్ద," అంది.

అంత మాటకు నాకు రోషమొచ్చింది. "సంగటి పెట్టినోళ్ళనే అంటావా? మీ నాయనకు మగ్గమే రాదు. మా జేజి నేస్తాంది మీ గుడ్డ," అన్నాను.

బావి గట్టు మీద సంఘం గుమాస్తా కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెంబు అట్లాగే పట్టుకొని నా వైపు చూశాడు.

సాయంత్రానికి సంఘం కూర్చుంది. ఆఫీసంటే ఒక పొడుగు గది, గోడల వెంట నూలు బేళ్ళు. మగవాళ్ళు లోపల, ఆడవాళ్ళం కిటికీ బయట. నేను జేజి కొంగు పట్టుకొని నిలబడ్డాను. ఆమె నా చెయ్యి విదిలించలేదు, అట్లాగని నా వైపు చూడనూ లేదు. ఆ చూడకపోవడమే నాకు వాత కంటే ఎక్కువైంది.

రంగూనాయన నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. గుమాస్తా లేచాడు.

"మనం సర్కారుకు అబద్ధం చెప్పినట్టయితాది. ఆఫీసరుకు తెలిస్తే మనందరికీ నూలు ఆపేస్తాడు. నలభై ఇండ్లు ఎండాల్నా ఒక ఇంటి కోసరం?"

అతనన్నదీ తప్పు కాదు. పక్కింటి చిన్నాయన, "శిబిరానికి జాబు రాద్దాంలేప్పా. వాళ్ళూ యాడనో ఒకచోట బతుకుతారు," అన్నాడు. రంగూనమ్మ పిల్లోణ్ణి రొమ్ముకేసి అదుముకుంది. రంగూన్ పిల్ల నన్నే చూస్తోంది.

అప్పుడు జేజి కిటికీ చువ్వలు పట్టుకొని లోపలికి మాట్లాడింది. సంఘంలో ఆడది మాట్లాడటం అదే మొదలు.

"అధ్యక్షులోరూ, నేనొక మాట అడగల్ల. మనకు పెండ్లయిన ఏడు నీకు విషజ్వరమొచ్చి మూడు నెలలు మంచాన పడితివి. మగ్గం ఆగలే. తలుపేసుకొని నేనే నేస్తి. నువ్వే నేస్తాండావని సావుకారికి చెప్పినారు మీ నాయన. వీధంతా దెబ్బ వింటానే ఉండ్రి. ఒక్కరన్నా ఇది ఆడదాని దెబ్బ అన్నారా? గమ్మునుండి మనల్ని బతకనిచ్చిరి. అది అబద్ధమా కాదా, నువ్వే చెప్పు."

జేజినాయన ముఖం ఎర్రబడింది. కండువా దులుపుకొని లేచి, ఎవరినీ చూడకుండా ఇంటికి నడిచాడు. సభ తీర్పు లేకుండానే ముగిసింది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు.

తెల్లవారింది. నాకు మెలకువ వచ్చింది గానీ ఏదో తేడాగా ఉంది. మా మగ్గం పలకడం లేదు. లేచి చూస్తే గుంట ఖాళీ. అప్పటికే వాకిట్లో పక్కింటి చిన్నాయన నిలబడి ఉన్నాడు, వెనక ఇంకో నలుగురు. "పెద్దాయన మగ్గం పలకలేదే. ఏమైంది పెద్దమ్మా?" అన్నాడు జేజితో. జేజి తెల్లబోయి చూస్తోంది. నాకు ఏడుపొచ్చేసింది. నా మాటతోనే ఆయనకేదో అయిందనుకున్నాను.

అప్పుడు వినబడింది. వీధి చివర నుంచి, బరువుగా, రెండు దెబ్బలు, కొంచెం ఆగు. మళ్ళీ రెండు దెబ్బలు.

అందరం పోయాం. రంగూనోళ్ళ ఇంట్లో గుంటలో జేజినాయన కూర్చొని నేస్తున్నాడు. పక్కన రంగూనాయన కండెలు అందిస్తున్నాడు. పొయ్యి మీద ఆ చేప ఉడుకుతోంది. జేజినాయన తలెత్తకుండా, "ఒక మూర నాది. ఇంగెవరన్నా కూచుంటారా, నన్నే నేయమంటారా?" అన్నాడు.

పక్కింటి చిన్నాయన తల గోక్కున్నాడు. తర్వాత చొక్కా విప్పి గోడకు తగిలించాడు. మధ్యాహ్నానికి మరొకాయన వచ్చాడు. ఆ తర్వాత వరస కట్టారు. ఒక్కొక్కరు ఒక మూర. గుమాస్తా అన్నిటికంటే చివర వచ్చి, ముక్కుకు తుండుగుడ్డ కట్టుకొని, తన మూర నేసి పోయాడు. జేజి కూడా ఒక మూర నేసింది, ఈసారి తలుపు తీసే. చీర దిగింది.

ఆఫీసరు జీపులో వచ్చాడు. చీర విప్పి కొలిచాడు. నేతగాడి కంటికైతే మూరమూరకూ చెయ్యి మారిందని ఇట్టే తెలిసిపోతుంది, ఆయన మాత్రం బాగుందన్నాడు. అందరం ఊపిరి వదిలాం. అంతలో ఆయన రంగూనాయన వైపు తిరిగి, "ఏదీ, కొంచెం నేసి చూపించు," అన్నాడు.

వీధి మొత్తం కిటికీల దగ్గర చేరింది. రంగూనాయన గుంటలో దిగాడు. నాలుగు దెబ్బలు బాగానే వేశాడు. ఐదో దెబ్బకు నాడె గురి తప్పి తగిలి పది పోగులు ఒకేసారి పుటుక్కుమని తెగాయి. జేజినాయన కళ్ళు మూసుకున్నాడు. నేను రంగూన్ పిల్ల చెయ్యి పట్టుకున్నాను, అది విడిపించుకుంది.

రంగూనాయన నాడె పక్కన పెట్టాడు. వంగి, తెగిన పోగుల కొసలు తీసుకొని అతకసాగాడు. ఒకటి, రెండు, మూడు. ఆఫీసరు వంగి చూసేలోపల పదీ అయిపోయాయి. ఎక్కడ తెగిందో కూడా కనబడలేదు.

"వేళ్ళు చూస్తేనే తెలుస్తోంది, పుట్టు చేనేత," అని ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టాడు. గోనెసంచుల వేళ్ళవి. జీపు ఊరు దాటేదాకా వీధిలో ఎవరూ నవ్వలేదు.

రంగూనాయన ఎన్నేళ్ళకూ మంచి నేతగాడు కాలేదు. కానీ ఏ ఇంట్లో కొత్త పడుగు వచ్చినా అతకడానికి ఆయన్నే పిలిచేవాళ్ళు. చివరికి మా పేట నుంచి పోయిన ప్రతి చీర మొదలూ ఆయన చేతి మీదుగానే పోయింది. ఆ మొదటి చీర మాత్రం ఎవరూ కొనలేదు. జేజి కట్టుకుంది. ఇప్పుడు నా బీరువాలో ఉంది.

రంగూన్ పిల్ల నాతో మాట్లాడటానికి చాలా నాళ్ళు పట్టింది. ఒకరోజు కండెలు చుడుతుంటే మాటా పలుకూ లేకుండా పెట్టె అడుగున మిగిలిన ఆకు తెచ్చి నా ముందర పెట్టింది. నేను మొత్తం తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగినా నమిలి మింగాను. అది నా వైపు చూస్తూ కూర్చుంది. తప్పయింది అన్న మాట మాత్రం నేను ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. దానికి పెళ్ళై ఏ ఊరో పోయింది. ఇప్పుడు ఉందో లేదో కూడా తెలియదు.

సాయంత్రం కార్యదర్శి బెల్లు కొట్టాడు.

"సంతకం చేసినారామ్మా?"

"లేదప్పా. వాసన సంగతి మాట్లాడి వస్తా," అన్నాను.

రెయిలింగు పట్టుకొని ఒక్కో మెట్టూ దిగి రెండో అంతస్తుకు పోయాను. తలుపు తీసిన పిల్ల నన్ను చూడగానే వెనక్కి తగ్గింది. ఎవరు ఏమని బెదిరించి ఉన్నారో, "సారీ అమ్మా, కిటికీలు మూసేస్తాం," అంది వచ్చీరాని తెలుగులో. వెనక ఇంకో పిల్ల పొయ్యి ఆర్పేస్తోంది.

"ఆర్పబాకు తల్లీ," అన్నాను. "ఏం వండుకుంటాండారు? కొంచెం నా చేతిలో పెట్టు."